రేసు ఇవ్వద్దన్న పెద్దమ్మ

ఆ దుకాణం బోర్డు మీద ఆవిడ ఊసే లేదు. డైనమోలు, సెల్ఫ్ మోటార్లు బాగు చేయబడును అని పెద్ద అక్షరాలు, దాని కింద మేస్త్రీ పేరు. మేస్త్రీ ఉన్నమాట నిజమే. లోపల ఎత్తు స్టూలు మీద, గుమ్మానికి ఎదురుగా కూర్చుని ఉంటాడు. బండి తెచ్చినవాళ్లు తిన్నగా ఆయన దగ్గరికే వెళ్లి దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పుకుంటారు. ఆయన తల ఊపుతూ, మధ్యమధ్యలో "ఆహా, తర్వాత?" అంటూ చివరిదాకా వింటాడు. అంతా అయ్యాక, "బాగా చెప్పారు. ఇప్పుడు ఇదంతా ఆవిడకి చెప్పండి" అంటాడు.

ఆవిడ గోడవైపు తిరిగి బల్ల మీద ఏదో విప్పుతూ ఉంటుంది. వెనక్కి తిరగదు. "విన్నాను. బానెట్ ఎత్తండి" అంటుంది.

వీధి వీధంతా ఆవిడని పెద్దమ్మ అనే పిలుస్తుంది. నాకు కూడా చుట్టరికం ఏమీ లేదు. నాకు మనుషుల్ని మెచ్చుకునే అలవాటు తక్కువ. మెచ్చుకోదగ్గవాళ్ల గురించి పుస్తకాల్లో చదివాను గానీ ఎదురుగా చూసింది లేదు. ఒకసారి చూశాను. అదే రాస్తున్నాను.

దుకాణం వెడల్పు రెండు చేతులు చాపితే గోడలు తగిలేంత. కుడి గోడకి మేకులు కొట్టి వాటికి పాత ఆల్టర్నేటర్లు వేలాడదీశారు. ఈ వీధిలో వాటిని ఎవరూ ఆ పేరుతో పిలవరు, అన్నీ డైనమోలే. ఎడమ గోడకి రాగి తీగ చుట్టలు. ఎప్పుడూ వార్నిష్ వాసన. బల్ల మీద ఒక పాత మీటరు, ముల్లు ఉన్నది. అంకెలు చూపించే కొత్త మీటరు వాళ్ల అల్లుడు కొనిచ్చాడట. అది డబ్బాలోనే ఉంది. "అంకె చెప్తుంది గానీ వణుకు చెప్పదు" అంటుంది పెద్దమ్మ. ముల్లు వణికితే లోపల ఒకటి, జారితే ఒకటి, లేచి పడితే ఇంకొకటి అని ఆవిడ లెక్క.

ఈ పని ఆవిడ దుకాణంలో నేర్చుకోలేదు, వంటింట్లో నేర్చుకుంది. పెళ్లైన కొత్తలో మేస్త్రీ కాలిపోయిన రోటర్లు, అంటే డైనమో లోపల తిరిగే భాగాలు, ఇంటికి తెచ్చేవాడు. పాత తీగ ఊడదీసి కొత్త తీగ చుట్టడం ఇంట్లో ఆడవాళ్ల పని. పొయ్యి మీద గిన్నె పెట్టి, ఒళ్లో రోటర్ పెట్టుకుని, వందల చుట్లు చుట్టాలి. ఒక్క చుట్టు తప్పినా అంతా విప్పాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క పోతుంది కాబట్టి ఎడమ చెయ్యి చూపుడువేలు పైకెత్తేది. వేలు లేస్తే ఆ ఇంట్లో అత్తగారితో సహా అందరూ నోరు మూసుకోవాల్సిందే. కోడలి వేలికి అత్తగారు జడిసిన ఇల్లు ఈ ఊళ్లో అదొక్కటే అని మేస్త్రీ గొప్పగా చెప్తాడు.

ఇరవై రెండేళ్లు అలా చుట్టింది. దుకాణం గుమ్మం తొక్కలేదు. తర్వాత మేస్త్రీ చేతులు వణకడం మొదలైంది. ఒకరోజు ఆయన మర్చిపోయిన కళ్లజోడు ఇద్దామని వచ్చింది. ఆయన చిన్న స్క్రూ ఒకటి బిగించలేక మూడోసారి కింద పడేసి వెతుక్కుంటున్నాడు. ఆవిడ వంగి స్క్రూ తీసి, బిగించి, "ఇంకేం ఉంది?" అంది. ఆ ఇంకేం ఉందో ఇప్పటికీ పూర్తవలేదని మేస్త్రీ అంటాడు. మొదట్లో జనం గుమ్మం దాకా వచ్చి ఆడమనిషిని చూసి, పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోయేవాళ్లు. తర్వాత మూడు దుకాణాలు తిరిగి, పాడైన బండిని ఇంకొంచెం పాడు చేసుకుని, ఇక్కడికే వచ్చేవాళ్లు. మన జనానికి బుద్ధి ఎప్పుడూ ఆ దారినే వస్తుంది.

ఇక మా బండి సంగతి. అది నాకంటే రెండేళ్లు పెద్దది. వెనక చెక్క తొట్టి ఉన్న పికప్. ఇళ్లు మారేవాళ్ల సామాన్లు చేరవేయడం మా నాన్న పని. మోయడం నేను. అద్దాలు, పింగాణీ, గాజు సామాను సర్దడం అమ్మ. సర్దినవాటికి తనే పూచీ కాబట్టి అవి ఉన్న ప్రతి ట్రిప్పులో నాన్న పక్కన కూర్చుని వెళ్లేది. దారి పొడుగునా "మెల్లిగా, మెల్లిగా" అనేది.

ఏడాది కిందట డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్ర లైటు వెలగడం మొదలైంది. అమ్మకి అది చూస్తే గుండె దడ. బండి కాలిపోతుందేమో, దిగిపోదామా, ఎవరినైనా అడుగుదామా అని పదిహేను రోజులు నాన్న చెవిలో ఇల్లు కట్టుకుంది. ఆయన ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు. అతను కొత్త బ్యాటరీ వేశాడు. మర్నాటి నుంచి ఎర్ర లైటు కనబడలేదు. ఆ మెకానిక్ చేతిలో ఏదో మహిమ ఉందని అమ్మ కనబడినవాళ్లందరికీ చెప్పింది.

రెండు నెలలకి బండి ఆగింది. ఇంకో మెకానిక్ డైనమోయే మార్చేశాడు. యాక్సిలరేటర్ తొక్కి ఇంజను గట్టిగా రేసు ఇచ్చి, మీటరు పెట్టి, పద్నాలుగు వోల్టులు చూపించి పంపాడు. పది రోజులకి మళ్లీ ఆగింది. మళ్లీ వెళ్తే మళ్లీ రేసు ఇచ్చి మళ్లీ పద్నాలుగు చూపించాడు. ఇంకో కొత్త బ్యాటరీ వచ్చింది. అదీ చచ్చింది. అప్పుడు నేను రంగంలోకి దిగాను. మా మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, పాత ఇనుము కొట్టు నడుపుతాడు. నా చదువంతా అక్కడ తూకానికి వచ్చే పుస్తకాలతోనే. బండ్ల కరెంటు గురించి ఒక లావు పుస్తకం దొరికింది. బండి ఆపేశాక కూడా ఎక్కడో కరెంటు కారిపోతోందని దాంట్లో చదివి, ఒక ఆదివారమంతా ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి చూశాను. ఏమీ కారలేదు. ఛార్జింగ్ అధ్యాయం ఉందేమోనని చూస్తే, సరిగ్గా అక్కడి నుంచే పుస్తకం చిరిగిపోయి ఉంది.

చివరికి ఆ వాన రోజు. ఎవరివో రంగు చేపలు, తొట్టితో సహా, అమ్మ ఒళ్లో. లైట్లు, వైపర్లు అన్నీ వేసే ఉన్నాయి. ముందు ట్రాఫిక్ ఆగితే నాన్న అలవాటు కొద్దీ ఇంజను ఆపాడు. మళ్లీ తాళం తిప్పితే టిక్కుమంది, అంతే. నడిరోడ్డు మీద గంటసేపు, వెనక హారన్లు, ఒళ్లో నీళ్లు తొణికే తొట్టి, అందులోంచి అమ్మనే చూస్తున్న రెండు చేపలు. అమ్మ ఆ తొట్టిని ఒక చేత్తో పట్టుకునే మామయ్యకి ఫోన్ చేసింది. శనివారం వచ్చి ఈ బండిని తూకానికి తీసుకుపొమ్మంది. నాన్నకి కూడా మామయ్యే దారి చూపించాడు. కొట్టులో కాటా పక్కన కుర్చీ ఖాళీగా ఉందట, బావగారు నీడపట్టున కూర్చుని తూకం చూసుకోవచ్చట.

ముప్పై ఏళ్లు సగం ఊరి మంచాలూ బీరువాలూ ఇరుకు సందుల్లోంచి గీత పడకుండా తిప్పిన నాన్న, ఆ కుర్చీ మాట విన్న రోజు అన్నం సగంలో లేచాడు. నేను తినమనలేదు. బండి ఆగినప్పుడల్లా తోసింది నేనే, నాకూ దాని మీద మంటగానే ఉండేది. కానీ ఆ కుర్చీ నేను చూశాను. దానికి ఒక చెయ్యి విరిగి ఉంటుంది.

శుక్రవారం పొద్దున పెద్దమ్మ దగ్గరికి వెళ్లాం. అమ్మ కూడా బయలుదేరింది, ఎవరేం చెప్తారో తన చెవులతో వినాలని. మేస్త్రీ స్టూలు మీది నుంచే కథంతా విన్నాడు. చేపల దగ్గర బాగా నవ్వి, మళ్లీ చెప్పించుకున్నాడు.

పెద్దమ్మ బానెట్ దగ్గరికి రాలేదు. చేతులు తుడుచుకుంటూ నాన్నని అడిగింది, ఎక్కడెక్కడ ఆగిందని. అమ్మ అందుకుంది. అమ్మకి తేదీలు గుర్తుండవు, సామాన్లు గుర్తుంటాయి. నిలువుటద్దం రోజు ఆగింది, పింగాణీ జాడీల రోజు ఆగింది, కుట్టుమిషను వాళ్ల ఇంటి రోజు రెండుసార్లు ఆగింది. ఇటుకల రోజు ఆగలేదు. పక్క ఊరికి మంచాలు వేసుకెళ్లిన రోజు ఆగలేదు. పెద్దమ్మ వేళ్ల మీద లెక్కపెడుతూ అంతా వింది.

"ఇటుకల రోజు నువ్వు బండిలో ఉన్నావా అమ్మాయ్?" అంది.

"ఇటుకలకి నేనెందుకక్కా? ఆయనా, వీడూ వెళ్లారు."

"మంచాల రోజు?"

"లేను."

స్టూలు మీది నుంచి మేస్త్రీ, "దొరికింది, జబ్బు దొరికింది" అన్నాడు.

అమ్మ మొహం ఎర్రబడింది. "అంటే నేనెక్కితేనే ఆగుతోందనా మీరనేది?"

"ఆయన మాటకేం, కూర్చున్నచోట వంద అంటాడు" అంది పెద్దమ్మ. "కానీ నువ్వు చెప్పింది అక్షరాలా పనికొచ్చే మాట. ఇన్నాళ్లూ నిన్ను ఎవరూ అడగలేదు, అదే తప్పు."

అప్పుడు బానెట్ ఎత్తించింది. మా బ్యాటరీకి సత్తువ లేదు కాబట్టి దుకాణంలోని బ్యాటరీ తగిలించి ఇంజను స్టార్ట్ చేయించి, వైర్లు తీసేసింది. మీటరు ముల్లు పన్నెండు దగ్గర నిలబడింది. నిలబడిందంటే, కనపడకుండా కిందికి జారుతోంది. నాన్న సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ మీద కాలు పెట్టి, మెకానిక్కులందరూ చేసేదే చేయబోయాడు.

"రేసు ఇవ్వద్దు తమ్ముడూ."

"రేసు ఇస్తే కదక్కా ఛార్జింగ్ తెలిసేది?"

"ఆ మెకానిక్ రెండుసార్లు రేసు ఇచ్చాడు. ఏం తెలిసింది? మీ ఆవిడ పక్కనుంటే నువ్వు రేసు ఇస్తావా?"

నాన్న కాలు వెనక్కి తీసుకున్నాడు. బండిని ఉన్నదున్నట్టు ఉండనివ్వాలట. మనిషికి పరుగెత్తాక నాడి చూస్తే ఏం లాభం అంది. బెల్టు వేలితో నొక్కి చూసింది, బిగువుగానే ఉంది. తర్వాత పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒకటి తీసి, బెల్టుకి తగలకుండా, డైనమో వెనక వైపు ఇనుప భాగం దగ్గరికి తీసుకెళ్లింది. నన్ను పిలిచి నా చేతికిచ్చింది. లోపల కరెంటు పుడుతుంటే డైనమో అయస్కాంతమై స్క్రూడ్రైవర్‌ని లాగాలి. నేను పట్టుకుని చూశాను. ఏమీ లాగలేదు. మట్టి కుండకి ఆనించినట్టుంది.

"ఇప్పుడు ఇవ్వు రేసు" అంది నాన్నతో.

ఇంజను హోరెత్తింది. నా చేతిలోని స్క్రూడ్రైవర్ చటుక్కున వెళ్లి డైనమోకి అతుక్కుంది. ముల్లు లేచి పద్నాలుగు మీద కూర్చుంది. నాన్న కాలు తీసేశాడు, ఇంజను నెమ్మదించింది, ముల్లు మాత్రం దిగలేదు. పెద్దమ్మ ఇంజను ఆపించి, దుకాణం బ్యాటరీ తగిలించి మళ్లీ స్టార్ట్ చేయించి, వైర్లు తీసేసింది. ముల్లు పన్నెండు. స్క్రూడ్రైవర్ ఊడి వచ్చేసింది.

అంతే, పది నిమిషాల్లో మా ఏడాది కష్టం మొత్తం బల్ల మీద పరిచినట్టు కనబడింది. డైనమో మంచిదే. కానీ ఇంజను స్టార్టైన ప్రతిసారీ దాన్ని నిద్రలేపాలి. రేసు ఇస్తే తనంతట తనే లేస్తుంది. అమ్మ పక్కనుంటే నాన్న మెల్లిగా పోనిస్తాడు, అది పడుకునే ఉంటుంది, బండి బ్యాటరీని తాగుతూ నడుస్తుంది. ఆపినచోట ఇంజను తిప్పే సెల్ఫ్ మోటారుకి కరెంటు మిగలదు.

"మామూలు బండ్లలో ఎవరు లేపుతారు?" అని అడిగాను.

"తాళం తిప్పగానే చిన్న కరెంటు ఒకటి దాని దగ్గరికి వెళ్తుంది. అదే లేపుతుంది. ఇలాంటి పాత బండ్లలో ఆ కరెంటు ఎర్ర లైటు బల్బులోంచే వెళ్లాలి, దానికి వేరే దారి లేదు." తలుపు తీసి డ్యాష్‌బోర్డు చూసింది. "తాళం తిప్పు తమ్ముడూ, స్టార్ట్ చెయ్యకు."

నాన్న తిప్పాడు. ఆయిల్ లైటు వెలిగింది, బ్రేకు లైటు వెలిగింది. వాటి పక్కన బ్యాటరీ బొమ్మ చీకటి.

"బల్బు మాడిపోయి ఉంటుంది. ఈ ముందు పలక విప్పుదాం."

అప్పుడు నాన్న అన్న మాట నాకింకా గుర్తుంది. ముందు టీ తాగుదాం అన్నాడు. పెద్దమ్మ అప్పటికే నాలుగు స్క్రూలు తీసేసింది. పలక ముందుకి వంచి లోపల వేలు పెట్టి చూసింది.

"మాడలేదు. అసలు బల్బే లేదు. ఎవరో తీసేశారు."

"ఇంకెవరు, ఆ మొదటి మెకానిక్కే" అన్నాడు మేస్త్రీ. "లైటు ఆర్పడం చేతగానివాడు బల్బు పీకేస్తాడు. నేను చాలామందిని చూశాను."

అమ్మ ఏడాదిపాటు వాడి చేతి మహిమ ఊరంతా చాటింది మరి. సంచీ భుజాన వేసుకుని, వాడి దుకాణం ఎక్కడో తనకి తెలుసు, ఇప్పుడే వెళ్లి నలుగురిలో అడిగేస్తానని గుమ్మం దాకా వెళ్లింది. నాన్న ఊరుకుంటే సరిపోయేది. బండి బాగవుతుంది, తిట్లు ఇంకెవరికో పడతాయి, ఎవరికీ ఏమీ తెలియదు. నేనైతే ఊరుకునేవాణ్ణి.

నాన్న జేబులోంచి కళ్లజోడు పెట్టె తీశాడు. అందులో కాగితం పొట్లం. పొట్లంలో చిటికెన వేలి గోరంత బల్బు.

"అతను తియ్యలేదు" అన్నాడు. "నేనే తీశాను."

కొత్త బ్యాటరీ వేయించి ఇంటికి వస్తుంటే దారిలో మళ్లీ ఎర్ర లైటు వెలిగిందట. ఈ లైటుతో ఇంటికి వెళ్తే ఇంకో పదిహేను రోజుల పాట అనుకుని, సందు మొదట్లో బండి ఆపి బల్బు తీసేశాడట. అసలు జబ్బు పాత డైనమోది, అది మార్చాక పోయింది, కానీ బల్బు మళ్లీ పెడితే తాళం తిప్పగానే ఎక్కడ వెలుగుతుందోనని జేబులోనే ఉంచేశాడట.

అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "నా భయం పోగొట్టడానికి తీశారా, నా నోరు ముయ్యడానికి తీశారా?"

నాన్న బాగా ఆలోచించాడు. "ఆ రెండింటికీ ఒకటే బల్బు ఉంది" అన్నాడు.

మేస్త్రీ నవ్వు ఆపుకోలేక స్టూలు పట్టుకున్నాడు. "బావమరిదీ, ఈ తెలివి నాకు ముప్పై ఏళ్ల కిందట చెప్పకపోయావా" అన్నాడు. పెద్దమ్మని అక్కా అని పిలిచినవాళ్లందరూ ఆయనకి బావమరుదులే. అమ్మ నోరు తెరిచింది. ఏడాది బాకీ అంతా ఆ నోటి దాకా వచ్చి ఉంటుంది. పెద్దమ్మ ఎడమ చెయ్యి చూపుడువేలు లేచింది. అమ్మ ఆగిపోయింది. ఆ వేలికి మా అమ్మ కూడా ఆగుతుందని నాన్నకి అంతకుముందు తెలిసి ఉంటే ఈ బల్బు తీసే అవసరమే వచ్చేది కాదు.

పెద్దమ్మ బల్బు పెట్టింది, పలక మూసింది, అమ్మని పిలిచి సీట్లో కూర్చోబెట్టింది. తాళం తిప్పించింది. ఎర్రగా వెలిగింది. అమ్మ అలవాటు ప్రకారం ఉలిక్కిపడింది.

"తాళం తిప్పగానే ఇది వెలగాలి అమ్మాయ్. వెలగకపోతే భయపడు. ఇంజను స్టార్టవగానే ఆరిపోవాలి. ఆరకపోతే అప్పుడూ భయపడు. నువ్వు భయపడడంలో తప్పేమీ లేదు, ఎప్పుడు భయపడాలో ఎవరూ చెప్పలేదంతే."

దుకాణం బ్యాటరీ సాయంతో ఇంజను స్టార్టైంది. లైటు ఆరింది. రేసు ఎవరూ ఇవ్వలేదు, ముల్లు తనే లేచి పద్నాలుగు దగ్గర కుదురుగా నిలబడింది. పెద్దమ్మ స్క్రూడ్రైవర్ అమ్మ చేతికిచ్చి డైనమో దగ్గర పట్టుకోమంది. అది లాక్కుంటే అమ్మ గట్టిగా వెనక్కి లాగింది. రాలేదు. ఇంకోసారి లాగింది. చేపల రోజు తర్వాత అమ్మ నవ్వడం అదే మొదలు.

మా బ్యాటరీని ఆ రోజంతా దుకాణంలో ఛార్జింగ్‌కి పెట్టింది పెద్దమ్మ. శనివారం మామయ్య మోకు తాడు వేసుకుని లారీ మీద వచ్చాడు. అమ్మ ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. అలాగని తీసుకుపొమ్మనీ అనలేదు. తమ్ముణ్ణి వాకిట్లో కూర్చోబెట్టి, తను బండెక్కి, నాన్నతో తాళం తిప్పించింది. హారను తప్ప లైట్లు, వైపర్లు, ఉన్నవన్నీ వేయించింది. రేసు లేకుండా గంటసేపు బండి ఉన్నచోటే నడవాలి, తర్వాత ఆపి మళ్లీ తాళం తిప్పాలి, స్టార్టవకపోతే మోకు కట్టుకోవచ్చు. ఎండ కాస్తుంటే వైపర్లు పొడి అద్దం మీద కీచుకీచుమంటున్నాయి. మామయ్య రెండు టీలు తాగాడు. నాన్న స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన ఏదో అనబోతే అమ్మ, కళ్లు డ్యాష్‌బోర్డు మీది నుంచి తిప్పకుండా, ఎడమ చెయ్యి చూపుడువేలు ఎత్తింది.

గంటైంది. అమ్మ ఆపమంది. నాన్న ఆపాడు. వీధిలో ఒక్కసారిగా చప్పుడు పోయింది. తాళం తిప్పాడు, ఎర్రగా వెలిగింది, ఇంకొంచెం తిప్పాడు. ఇంజను ఒక్క ఊపున అందుకుంది. లైటు ఆరింది.

"ఆరింది" అంది అమ్మ. "నువ్వు వెళ్లిరా తమ్ముడూ."

మామయ్యని ఉత్త చేతులతో పంపడం బాగుండదని పాత డైనమో, చచ్చిన బ్యాటరీలు రెండూ లారీలోకి ఎక్కించాను. కాటా పక్కన కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందట, నన్ను కూర్చుంటావా అని అడిగాడు. ఛార్జింగ్ అధ్యాయం దొరికితే దాచమని చెప్పాను.

ఇప్పుడు ప్రతి ట్రిప్పుకి ముందు నాన్న తాళం సగం తిప్పి ఆగుతాడు. అమ్మ ముందుకి వంగి, ఎర్ర లైటుని తేరిపార చూసి, "ఊఁ, ఇక పోనియ్" అంటుంది. అప్పుడు గానీ మా బండి కదలదు.